పడవ సందుల్లో ప్రార్థన

జాతి ప్రగతికి అడ్డుపడుతున్న అసలు వస్తువు పడవ పలకల సందుల్లో దాక్కుని ఉంటుందని కనిపెట్టిన ఘనత చరిత్రలో ఒకే ఒక్క ఆఫీసుకి దక్కింది. అది పోర్ట్ బ్లెయిర్‌లోని ద్వీప సామాజిక సర్దుబాటు శాఖ. కనిపెట్టి ఆ రోజుకి పద్దెనిమిది రోజులు. ఉదయం ఎనిమిదిన్నరకి ఆ శాఖ వారి రెండో పడవ కూడా జంగ్లీఘాట్ ఒడ్డున, నడుం లోతు నీళ్ళలో, ఎవరూ ఎక్కకుండానే మునిగిపోయింది.

"ఇది మునగడం కాదయ్యా భూషణం. తాత్కాలికంగా కిందికి దిగడం. అలాగే రాసుకో," అన్నాడు శాఖాధికారి పరంధామయ్య, గొడుగు కింద నిలబడి.

అప్పర్ డివిజన్ గుమస్తా భూషణం అలాగే రాసుకున్నాడు. అతను మెయిన్‌ల్యాండ్ నుంచి బదిలీ మీద వచ్చి పన్నెండు రోజులైంది. సముద్రం అతనికి కొత్త. రాసుకోవడం కొత్త కాదు.

జెట్టీ మీద నలభై ఒక్క కుటుంబాలు ట్రంకు పెట్టెల మీద కూర్చుని ఉన్నాయి. తాతల నాడు మలబారు తీరం నుంచి వచ్చిన ముస్లింలు. వాళ్ళని సాయంత్రం నాలుగు గంటల పోటుకి మూడు పడవల్లో ఎక్కించి 'రక్షిత నివాస ద్వీపా'నికి చేర్చాలని ఏడో నంబరు ఆర్డరు. (ఆ ద్వీపంలో వాళ్ళని ఎవరూ ఏమీ అనరు కాబట్టి దాన్ని రక్షిత ద్వీపం అన్నారు. అనడానికి అక్కడ ఎవరూ లేరు. తాగడానికి నీళ్ళు కూడా లేవు.) మూడు పడవల్లో రెండు కిందికి దిగిపోయాయి. మూడోది ఇసుక మీద బోర్లించి ఉంది. దాని కిందికి దూరి పైకి చూస్తే పలకల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తోంది.

ఇంతకీ జరిగిందేమిటంటే, శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి ప్రభుత్వం తెచ్చి స్థిరపరిచిన మత్స్యకారులకి చేపలు పట్టడం తెలుసు, పడవ నడపడం తెలుసు. పలకల సందులు పూడ్చే పని మాత్రం దీవిలో మొదటి నుంచీ బీరాన్ మేస్త్రిదీ, అతని కింద పదకొండు మందిదీ. గుగ్గిలంలోనూ సొర చేప నూనెలోనూ నానబెట్టిన దూదిని ముద్దలు చేసి, ఉలితో, కొయ్య సుత్తితో సందుల్లోకి దిగ్గొడతారు. ముద్దకి ఒక బిస్మిల్లా చొప్పున అంటారు. ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నారు, పడవలు తేలుతూనే ఉన్నాయి, ఎవరికీ అందులో విశేషం కనిపించలేదు.

ఆ తర్వాత ఒక అర్జీ వచ్చింది. దూదితో పాటు పరాయి ప్రార్థన కూడా పడవలోనే ఉండిపోతోందనీ, అందుకు గంగమ్మ తల్లికి కోపం వచ్చి చేపల రాబడి తగ్గిందనీ అందులో ఉంది. శాఖ విచారణ జరిపింది. (విచారణ అంటే అర్జీని ఇంకో కాగితం మీదికి ఎక్కించడం.) నిజమేనని తేలింది. పడవల్లోంచి ప్రార్థన తీసివేయవలసిందని ఐదో నంబరు ఆర్డరు వెలువడింది. ప్రార్థనని ఒక్కదాన్నే తీసే పనిముట్టు శాఖ దగ్గర లేదు గనక దూది లాగేశారు. నాలుగు రోజుల్లో అరవై మూడు పడవలూ శుద్ధి అయ్యాయి. కొన్ని సముద్రం మీదికి వెళ్ళాయి కూడా. మనుషులు ఈదుకుంటూ వచ్చారు. వాళ్ళ వెనకాల పలకలు వచ్చాయి.

చేపల రాబడి సున్నాకి పడిపోయింది. శాఖ మళ్ళీ విచారణ జరిపి, తీసేసిన ప్రార్థనలు నీళ్ళలో పడి ఉంటాయని నిర్ధారించింది. ఇక మిగిలినది మనుషుల్ని తీసేయడమే. అది ఏడో నంబరు.

మనుషుల్ని దుకాణాల్లోంచి లేపి ట్రంకు పెట్టెల మీద కూర్చోబెట్టడంతో మరి కొన్ని చిన్న చిన్న ఫలితాలు కూడా కలిగాయి. అబర్డీన్ బజార్‌లో బ్రెడ్డు కాల్చే పొయ్యి చల్లారింది. ఐసు ఆడించే మనిషి లేక ఐసు ఆగింది. ఇంజను చప్పుడు విని దాని జబ్బు చెప్పే మెకానిక్ జెట్టీ మీద ఉండటంతో ఫెర్రీ చప్పుడు చేయడం మానేసింది. గోల్ ఘర్ బడి పిల్లల యూనిఫారాలు సగం కుట్టినవి సగం కుట్టినట్టే దర్జీ కొట్టులో ఉండిపోయాయి. దాంతో కవాతులో అరవై మంది ఒంటి చేతి చొక్కాలతో నడిచారు. సెల్యూట్ ఏ చేత్తో చేయాలన్న విషయమై సందేహం వచ్చి, సెల్యూటే రద్దు చేశారు.

అయితే సామరస్యం మాత్రం నూటికి నూరు పాళ్ళకి చేరింది. బజారులో కొట్లాటలు పూర్తిగా ఆగిపోయాయి. బజారు కూడా ఆగిపోయింది గాని, నివేదికలో దానికి గడి లేదు. కొత్తగా రెండు అర్జీలు కూడా వచ్చాయి. విశాఖ వాళ్ళు పడవ తోస్తూ పాడే పాటలో రెండో చరణం అనుమానంగా ఉందని శ్రీకాకుళం వాళ్ళది ఒకటి, శ్రీకాకుళం వాళ్ళు అసలు పాడటమే లేదు, ఎందుకని, అంటూ విశాఖ వాళ్ళది ఇంకొకటి. శాఖకి అదనంగా ఇద్దరు గుమస్తాలు మంజూరయ్యారు. ఆ నెలలో దీవి మొత్తం మీద కొత్తగా పుట్టిన ఉద్యోగాలు అవి రెండే.

"మరి ఈ మూడో పడవ సందులు పూడ్చగలవాళ్ళు ఎవరున్నారు?" అని అడిగాడు పరంధామయ్య.

"పన్నెండు మంది ఉన్నారు సార్. పన్నెండు మందీ ట్రంకు పెట్టెల మీదే ఉన్నారు."

పరంధామయ్య గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "పంపించేసే వాళ్ళని, పంపించే పనిలోనే పెట్టుకోకూడదని రూల్సులో ఎక్కడైనా ఉందా?"

"లేదు సార్."

"కూడదని లేకపోతే ఏమున్నట్టు?"

"పెట్టుకోవచ్చని ఉన్నట్టు సార్."

"పిలు."

బీరాన్ మేస్త్రి వచ్చాడు. అరవై దాటిన బక్క మనిషి, గళ్ళ లుంగీ, నూనె మరకలు పడ్డ గడ్డం. సంగతి విని పడవ వైపు, తన వాళ్ళ వైపు చూశాడు.

"కామ్ చేస్తాను సాబ్," అన్నాడు. "మునిగితే మేమే కదా మునిగేది. బాగానే చేస్తాను."

షరతు ఒకటే. నోరు మెదపకూడదు. అందుకు భూషణాన్ని 'మౌన పర్యవేక్షకుడి'గా నియమించి, ఒక బల్ల వేశారు.

బీరాన్ రెండు ముద్దలు దిగ్గొట్టి ఆగిపోయాడు.

"ఏమైంది మేస్త్రీ?"

"కొలత పోయింది బాబూ. బిస్మిల్లా మొదలుపెడితే సుత్తి లేస్తుంది. మాట అయ్యేసరికి ముద్ద కూర్చుంటుంది. మా బాప్ అలా నేర్పాడు. మాట లేకపోతే చేతికి ఎక్కడ ఆగాలో మాలూమ్ నహీ."

"ఒకటి, రెండు అని లెక్కపెట్టుకో."

"లెక్కపెడితే మనసు లెక్క మీద ఉంటుంది. దూది మీద ఉండదు."

సమస్య పరంధామయ్య దగ్గరికి వెళ్ళింది. పది నిమిషాల్లో శాఖ ఆమోదించిన మాట వచ్చింది. బీరాన్ వినయంగా సుత్తి ఎత్తి, "ద్వీప సామాజిక సర్దుబాటు శాఖ," అన్నాడు. 'సర్దుబాటు' దగ్గరికి వచ్చేసరికే ఉలి పలక అవతలికి వెళ్ళింది.

"చాలా లంబా ఉంది సాబ్. దీనికి సరిపడా మందం పలక ఈ దీవిలో దొరకదు."

మధ్యాహ్నం కావస్తోంది. పోటు ఎవరి ఆమోదం కోసమూ ఆగదు. చివరికి పరంధామయ్య పాత రూల్సు తిరగేసి దారి కనిపెట్టాడు. పర్యవేక్షకుడికి వినపడనిది జరగనట్టే లెక్క. అందుకని భూషణం బీరాన్ గంపలోంచే రెండు దూది ముద్దలు తీసుకుని తన చెవుల్లో పెట్టుకున్నాడు. 'ఏ ప్రార్థనా వినపడలేదు' అని పన్నెండు చోట్ల సంతకం చేశాడు. సందులు చకచకా మూసుకుపోసాగాయి.

షాదీపూర్ క్వార్టర్స్ నుంచి భూషణం భార్య ప్రమీల క్యారేజీ పట్టుకొచ్చింది. అందులో అన్నం, చింతపండు చారు. దీవికి వచ్చాక చేప ముక్క కనిపించనే లేదు. ఆవిడ పడవని చూసింది, ట్రంకు పెట్టెల మీద ఉన్న పిల్లల తల్లుల్ని చూసింది, మొగుడి చెవుల్లో దూది చూసింది.

"ఏమండీ, ఈ పడవ తేలితే వీళ్ళు పోతారు. ఇది మునిగితే వీళ్ళు ఉంటారు. అంతేగా?" అంది గట్టిగా.

భూషణం తల ఊపాడు.

"మరి మీరు ఏది జరగాలని కూర్చున్నారు?"

భూషణం తనకేమీ వినపడలేదని సైగ చేశాడు. (పదమూడో సంతకం అక్కర్లేదని ఆవిడే అని వెళ్ళిపోయింది.)

ఆవిడ వెళ్ళగానే మత్స్యకారుల ఇళ్ళ వైపు నుంచి తవిటమ్మ వచ్చింది. చేపలు అమ్మి అమ్మి రాటుదేలిన గొంతు. జంగ్లీఘాట్‌లో కేక వేస్తే అబర్డీన్ బజార్‌లో బేరం తెగేది.

"ఏటి బాబూ, సెవుల్లో దూదెట్టుకున్నావు? సీమలు దూరినాయేటి?"

ఆ గొంతుకి దూది అడ్డం కాదు గనక భూషణం ఒక చెవిలోది తీసేశాడు.

"బీరాన్ భయ్యా ఎల్లిపోతే మా పడవలు ఎవుడు సేస్తాడు? మీ పెద్ద బాబు గొడుగు పక్కనెట్టి సేస్తాడేటి? పదారు రోజులై మా పడవ ఒడ్డున పడుంది. మా అసిరయ్య మంచం మీద పడుకుని ఇంటి కప్పుకేసి సూస్తన్నాడు. నిరుడు తుపాన్లో రెండు రోజులు సంద్రంలో ఉన్నాడు బాబూ ఆడు. ఈ భయ్యా సేసిన పడవలోకి గళాసుడు నీళ్ళు రానేదు. నాకు మొగుడున్నాడంటే ఈ సేతుల వల్లనే."

"దీదీ, ఛోడో, వదిలెయ్," అన్నాడు బీరాన్ సుత్తి ఆపకుండా.

"నువ్వూరుకో భయ్యా. బాబూ, ఎవుడు ఆ అర్జీ ఎట్టినోడు?"

"నాకు తెలియదమ్మా. నేను రాకముందే వచ్చింది. అసలు కాగితం సీలు వేసిన కవర్లో ఉంది. రహస్యం."

"ఈ ఆర్డరు ఆపడానికి దారే నేదా?"

ఉంది. భూషణానికి పద్నాలుగో రూలు నోటికి వచ్చు. అర్జీదారు బయలుదేరే వేళలోగా ముందుకు వచ్చి అర్జీ వెనక్కి తీసుకుంటే ఆర్డరు ఆగిపోతుంది. అయితే ఆ అర్జీ వల్ల అతను పొందినది ఏదైనా ఉంటే శాఖకి తిరిగి ఇచ్చేయాలి. ఈ రూలు ఇంతవరకూ ఎవరూ వాడలేదు. వాడతారనే భయం లేకుండానే రాసినట్టుంది. అతను ఇదంతా చెప్పేశాడు. ఎందుకు చెప్పాడో అతనికే తెలియలేదు. ఒక చెవిలో దూది లేకపోవడం వల్ల కావచ్చు.

తవిటమ్మ కొంగు నడుముకి బిగించింది. "అయితే ఆడి మెడలొంచి నాలుగ్గంటల్లోగా ఇక్కడ నిలబెడతాను. ఏటి పుచ్చుకున్నాడో అది కక్కిస్తాను. నా పేరు తవిటమ్మ!"

ఇలా మొదలైన దర్యాప్తు దీవుల్లో అంతవరకూ జరిగిన అన్ని దర్యాప్తుల కంటే వేగంగా నడిచింది. ఆవిడ ఇంటింటికీ వెళ్ళింది. మగవాళ్ళంతా గుమ్మాల్లోనే ఉన్నారు, వెళ్ళడానికి పడవల్లేవు. ప్రతి ఇంటి ముందూ కొత్త నైలాన్ వల వేలాడుతోంది. శాఖ వారు కిందటి నెల ఉచితంగా పంచినవి, ఆకుపచ్చగా, నీళ్ళు ముట్టకుండా, పెళ్ళి పందిరి తోరణాల్లా ఉన్నాయి.

మొదటి అనుమానం గవరయ్య మీద. నిరుడు తన పడవ వంతు దాటవేశాడని బీరాన్‌తో గొడవపడ్డవాడు అతనే.

"నేనేటి, అర్జీ రాయడమేటి?" అన్నాడు గవరయ్య. "నాకు రాయడం వస్తే ఈ సేపల కంపులో ఎందుకుంటాను వదినా? ఆ ఆఫీసులోనే కూకుని నిన్ను రేపు రమ్మనేవోణ్ణి."

అది కాదనలేని సాక్ష్యం. ఆ తర్వాత అప్పలరాముడు. అతనికి బీరాన్ మీద ఏ గొడవా లేదు, అదే అనుమానంగా ఉందని పక్కింటి వాళ్ళు చెప్పారు. ఆ తర్వాత ఆ పక్కింటి వాళ్ళు. ఊళ్ళో అక్షరాలు వచ్చిన ఒకే ఒక్క మనిషి, తెలుగు బడి టీచరమ్మ భారతీదేవి, తలుపు తీయకుండానే జవాబు చెప్పింది: "నేను రాస్తే కింద నా పేరు కూడా రాస్తాను తవిటమ్మా. వెళ్ళు."

మూడుంబావుకి ఊరంతా ఒకరినొకరు అనుమానిస్తూ తవిటమ్మ వెనకాల జెట్టీకి చేరింది. ఒక్కటి మాత్రం అందరూ ఒప్పుకున్నారు. రాసినవాడు మనవాడు కాడు.

"సీలు చింపు బాబూ," అంది తవిటమ్మ. "మాకు దొరకనేదు."

భూషణం పరుగున ఆఫీసుకి వెళ్ళాడు. పరంధామయ్య భోజనానంతరం కళ్ళు మూసుకుని సామరస్యం గురించి ఆలోచిస్తున్నాడు.

"కుదరదయ్యా. ఆ కవరు అర్జీదారు సమక్షంలో తప్ప తెరవకూడదు."

"అర్జీదారు ఎవరు సార్?"

"అది కవరు తెరిస్తే తెలుస్తుంది."

ఇలాంటి చోటే మామూలు గుమస్తాలు వెనుతిరుగుతారు. భూషణం తిరగలేదు. రెండో చెవిలో దూది కూడా తీసి బల్ల మీద పెట్టాడు.

"సార్, ఊరంతా జెట్టీ మీద ఉంది. ఎవరూ తప్పిపోలేదు, నేను లెక్కపెట్టాను. అర్జీదారు ఎవరైనా ఆ ఊరి వాళ్ళలో ఒకరే. అంటే ఇప్పుడు జెట్టీ మీద కవరు తెరిస్తే, అది అర్జీదారు సమక్షంలో తెరిచినట్టే."

పరంధామయ్య కళ్ళు తెరిచి, ఆ పన్నెండు రోజుల్లో మొదటిసారి అతన్ని గౌరవంగా చూశాడు. "నువ్వు పైకొస్తావయ్యా," అన్నాడు. బీరువా తాళం తీసి కవరు ఇచ్చి, గొడుగు పట్టుకుని తనూ వెంట బయలుదేరాడు. ఆయన ముఖంలో కంగారేమీ లేదు. అది భూషణానికి వింతగా అనిపించింది, కానీ సమయం మూడూ నలభై.

జెట్టీ దగ్గర మూడో పడవ నీళ్ళలో ఉంది. తేలుతోంది. లోపల ఒక్క చుక్క లేదు. బీరాన్ నడుం లోతు నీళ్ళలో నిలబడి దాన్ని పట్టుకుని ఉన్నాడు. అతని కోడలు ట్రంకు పెట్టె మీదనుంచి లేచి, మొదటి విడతలో ఎక్కాల్సిన వాళ్ళతో కలిసి వరసలో నిలబడింది. వరస చాలా క్రమశిక్షణగా ఉంది. (ఈ విషయం నివేదికలో ప్రత్యేకంగా ప్రస్తావించారు.)

భూషణం చేతిలో కవరు చూడగానే జనం మీదపడ్డారు.

"ఆగండి!" అంది తవిటమ్మ, చేతులు బార్లా చాపి. "ముందు నామాట ఇనండి. పేరొచ్చినాక ఎవుడూ తప్పించుకోడానికి నేదు. ఆడు నా అన్నయినా సరే, నా తమ్ముడైనా సరే. బీరాన్ భయ్యా కాళ్ళ కాడ నిలబడి, అర్జీ ఎనక్కి తీసుకుంటన్నానని సెప్పాల. పుచ్చుకున్నది ఇచ్చీయాల. ఏవైనా సరే ఇచ్చీయాల! సంసారం సంకనాకిపోయినా సరే ఇచ్చీయాల! ఏటంటారు?"

"ఇచ్చీయాల!" అన్నారు అరవై మూడు కుటుంబాల వాళ్ళూ. గవరయ్య రెండుసార్లు అన్నాడు.

"కాదన్నోడు?"

"మనిషి కాడు!"

"దీదీ," అన్నాడు బీరాన్ నీళ్ళలోంచి, "పోటు దిగిపోతుంది."

భూషణం లక్క పగలగొట్టాడు. లోపల ఒక కాగితం కాదు, ఒక కట్ట. పై కాగితం తెలుగులో అచ్చయి ఉంది: నైలాన్ వల కోసం దరఖాస్తు. పొరపాటున వేరే కవరు తెచ్చానేమోనని అతను పైనున్న నంబరు చూశాడు. నంబరు సరైనదే. కాగితం వెనక్కి తిప్పాడు. వెనక వైపు హిందీలో అచ్చయి ఉంది. పడవ సందులు, పరాయి ప్రార్థన, గంగమ్మ తల్లి కోపం, అందరి క్షేమం కోరి తగు చర్య. దాని కింద వేలిముద్రకి గడి. గడిలో వేలిముద్ర. పక్కన పేరు. అలాంటి కాగితాలు అరవై మూడు. భూషణం మొదటి కాగితాన్ని మళ్ళీ ముందుకి తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. కాగితానికి మూడో వైపు ఉండదని అంతకు ముందు అతనికి ఎప్పుడూ ఇంత బాధ కలగలేదు.

"రెండు వైపులా చదివి వినిపించాం," అన్నాడు పరంధామయ్య, అతనికి మాత్రమే వినపడేలా. "నేనే దగ్గరుండి చదివించాను, తెలుగులో చెప్పించాను కూడా. వెనక వైపు చదివేటప్పుడు లారీలోంచి వలలు దింపుతున్నారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒకావిడ అయితే, అలగే బాబూ, ఎక్కడెయ్యాల వేలు, అంది. వరసలో అందరి కంటే ముందు ఆవిడే."

"సదువు బాబూ!" అంది తవిటమ్మ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏటాలోసిస్తన్నావు? గట్టిగా సదువు. బీరాన్ భయ్యాకి ఇనపడాల."

బీరాన్ ఇటు తిరిగాడు. జనం నిశ్శబ్దమయ్యారు. ఆ రోజు ఉదయం నుంచీ శాఖ ఎంత ప్రయత్నించినా తేలేకపోయిన మౌనం అది.

భూషణం గొంతు సవరించుకుని, రూలు ప్రకారం అందరికీ వినపడేలా చదివాడు.

"ఒకటో నంబరు. మైలపిల్లి తవిటమ్మ, భర్త అసిరయ్య, జంగ్లీఘాట్."